పరదేశపు మొదటి రాత్రి

పాఠభాగము: ఆదికాండము 28:10-22



ఊరు విడిచి దూరదేశమునకు పోయినవానికి అన్ని రాత్రులును ఒకే పొడవుండవు. మొదటి రాత్రి మిక్కిలి పొడవైనది. రెండవ రాత్రికి వాకిలి ఎటున్నదో తెలిసియుండును. త్రాగు నీళ్లు ఎక్కడ దొరకునో తెలిసియుండును. ఒక మనుష్యుని ముఖమైనను పరిచయమై యుండును. మొదటి రాత్రి ఇవి ఏవియు లేవు. చేతిలో మూట, గుండెలో భయము, పైన తెలియని ఆకాశము, ఇంతే.

మన పితరుడైన యాకోబు అట్టి రాత్రి నొకదానిని గడపెను. బెయేర్షెబా నుండి హారానునకు పోవుచు, ప్రొద్దు గ్రుంకినందున దారిలో ఒకచోట ఆగెను. అతని కొరకు అక్కడ ఎవరును ఎదురుచూచుట లేదు. ఒక రాతిని తలక్రింద పెట్టుకొని పండుకొనెను. ఇతడు నిర్దోషి కాడని గుర్తుంచుకొనుడి. తండ్రిని మోసపుచ్చి, అన్న కోపమునకు వెరచి పారిపోవుచున్నవాడు. అయినను ఆ రాత్రి దేవుడు అతనిని విడువలేదు.

ఈ నెల ఈ భాగమును ధ్యానించుటకు మాకొక కారణము కలదు. దానిని మొదట మీకు తెలియజేసెదము.

మా సంఘములో ఒక విధవరాలున్నది. అనంతపురము జిల్లా ఎఱ్ఱనేలలో రెండెకరముల వేరుశెనగ చేనే ఆమె ఆస్తి. ఆమె ఒక్కగానొక్క కుమారుడు మా సండేబడిలో పెరిగినవాడు. ఇప్పుడు హైదరాబాదు చెంత ఒక వ్యవసాయ పరిశోధనశాలలో చిన్న ఉద్యోగము చేయుచున్నాడు. 2024వ సంవత్సరము జూలై నెలలో మూడు నెలల శిక్షణ నిమిత్తము అతనిని దక్షిణ అమెరికాలోని పెరూ దేశమునకు పంపిరి. ఆ దేశపు రాజధాని లీమా పట్టణము. మనము తిను బంగాళాదుంప పుట్టినది ఆ దేశపు కొండలలోనే. ఆ పంటను గూర్చి పరిశోధించు అంతర్జాతీయ కేంద్రము 1971లో లీమాలో స్థాపింపబడినది. అక్కడ వేలకొలది దుంప రకములను భద్రపరచి యుంచిరి. అట్లు భద్రపరచు పద్ధతిని నేర్చుకొనుటయే మన కుర్రవాని పని.

బయలుదేరుటకు ముందు ఆదివారము అతడు ప్రార్థన చేయించుకొనుటకు వచ్చెను. తల్లి వేయించిన శెనక్కాయలు మూటకట్టి ఇచ్చెను. "అయ్యగారూ, వాడు ఎన్నడును ఒంటరిగా బెంగుళూరైనను పోలేదు. భూమికి అవతల ప్రక్క దిగవలెనట" అని ఆమె కన్నీరు పెట్టుకొనెను. దేవుడు తోడుండునని మేము చెప్పితిమి. చెప్పుట సులభమైన మాట అది. దాని అర్థము మాకు అప్పుడు పూర్తిగా తెలియదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

ఇక ఆ రాత్రి సంగతి. అతడు తిరిగి వచ్చిన తరువాత మా వరండాలో కూర్చుండి చెప్పినది చెప్పినట్లే వ్రాయుచున్నాము.

రెండు చోట్ల విమానములు మారి, ఆలస్యము మీద ఆలస్యమై, శనివారము రాత్రి అతడు లీమాలో దిగెను. విమానాశ్రయము పట్టణమును ఆనుకొనియున్న కయావో అను రేవులో ఉన్నది. తల్లి ఇచ్చిన మూటను మొదటి విమానాశ్రయపు తనిఖీలోనే తీసివేసిరట. జూలై మనకు వానకాలము గాని, భూమికి దక్షిణపు సగములో అది చలికాలము. సముద్రము మీదినుండి వచ్చు మంచు పొగవలె పట్టణమంతయు క్రమ్ముకొని యుండెను. ఆ నెలలలో లీమాలో సూర్యుడు కనబడుట అరుదు. బూడిద రంగు ఆకాశమును అక్కడివారు గాడిద పొట్ట అని పిలుతురట. తడి ఉండును గాని వాన ఉండదు. మన జిల్లాలో సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసినను కరవు ప్రాంతమని అందుము. లీమాలో 20 మిల్లీమీటర్లు కూడ కురియదు. కోటి మంది కాపురముండు ఆ పట్టణము కొండలమీదినుండి వచ్చు రీమాక్ నది నీళ్లమీద బ్రతుకుచున్నది. రీమాక్ అనగా అక్కడి పూర్వపు భాషయైన కెచువాలో మాటలాడునది అని అర్థము. ఆ మాటనుండియే లీమా అను పేరు కలిగినదందురు. మాటలాడు నది పేరు పెట్టుకొన్న పట్టణములో మన కుర్రవాడు మాట రానివాడై దిగెను. అక్కడ స్పానిషు భాష మాటలాడుదురు. అతనికి వచ్చినది రెండే మాటలు.

టాక్సీ అతడు కాగితము మీది చిరునామా చూచి ఒక వీధిలో దింపి వెళ్లిపోయెను. బస ఇంటి గేటుకు తాళము వేసియుండెను. గంట నొక్కెను, ఎవరును రాలేదు. మరల నొక్కెను. లోపల దీపము లేదు. ఫోను తీయగా అది ఆరిపోయి యుండెను. చలికి పలుచని చొక్కా తడిసినది. ఇంటివద్ద అందరును చెప్పి పంపిన దొంగల కథలన్నియు అప్పుడే జ్ఞాపకమునకు వచ్చినవి. "అయ్యగారూ, ప్రార్థన చేయవలెనని తోచలేదు. మా అమ్మను తలచుకొన్నాను. ఎందుకు వచ్చితినా అని ఏడ్చినాను" అని అతడు మాతో చెప్పెను. సిగ్గుపడుచు చెప్పెను. సిగ్గుపడవలసిన పని లేదు. యాకోబును ఆ రాత్రి ప్రార్థన చేసి పండుకొనెనని లేఖనము చెప్పుట లేదు.

వీధి మూలను ఒక చిన్న బండి, దానిమీద దీపము, ఆవిరి వచ్చుచున్న పాత్రలు కనబడినవి. ఒక పెద్దవయస్సు స్త్రీ ఎమొలియెంతె అమ్ముచుండెను. అది ఆ దేశపు బీదసాదలు చలికాలమందు త్రాగు వేడి కషాయము. వేయించిన యవలు, అవిసె గింజలు, కొన్ని మూలికలు కాచి నిమ్మరసము పిండి ఇత్తురు. మన గంజివలె చిక్కగా ఉండును. ఆమె అతనిని కొంతసేపు చూచెను. తరువాత బండి విడిచి వచ్చి, పెట్టె ఒక చేత పట్టుకొని, అతనిని బండి యొద్దకు తీసికొనిపోయి, తాను కూర్చుండు స్టూలు వేసెను. గ్లాసు నిండ పోసి ఇచ్చెను. అతడు డబ్బు తీయబోగా చేతితో వారించెను. కాగితము మీది ఫోను నంబరు చూచి, తన ఫోనులో ఒకసారి, రెండవసారి, మూడవసారి పిలిచెను. నాలుగవసారి ఎవరో పలికిరి. ఇంటివాడు నిద్రలేచి వచ్చువరకు ఆమె అతని ప్రక్కనే నిలిచియుండి, ఒక గుప్పెడు వేయించిన శెనక్కాయలు అతని చేతిలో పోసెను. "ఇహీతో, ఇహీతో" అని పలుమార్లు అనెను. మనము నాయనా అన్నట్లు తల్లులు పిలుచు పిలుపు అది అని తరువాత అతడు తెలిసికొనెను.

ఆ శెనక్కాయలు చేతిలో పడినప్పుడే తన ఏడుపు ఆగినదని అతడు చెప్పెను.

ప్రియులారా, ఇందులో మనము నేర్చుకొనవలసిన సంగతులు మూడు కలవు.

మొదటిది: మనము చేరకమునుపే దేవుడు అక్కడ ఉన్నాడు.

యాకోబు నిద్రలేచి చెప్పిన సంగతి యేమి? దేవుడు ఆ చోటనే ఉన్నాడు గాని తాను ఎరుగలేదు. దేవుడు బెయేర్షెబా నుండి అతని వెంట నడచి అలసి వచ్చినవాడు కాడు. రాయి అక్కడనే ఉన్నది, నిచ్చెన నిలుచు చోటు అక్కడనే ఉన్నది. తెలియనిది యాకోబుకే.

లీమాలో శనివారము రాత్రి 11 గంటలగునప్పుడు మనకు ఆదివారము ఉదయము 9:30 అగును. ఆ రెంటికి పదిన్నర గంటల తేడా. ఈ లెక్క మాకు అప్పుడు తెలియదు. కుర్రవాడు చెప్పిన తరువాత వ్రేళ్లమీద లెక్కించి చూచితిమి. అతడు ఆ గేటునొద్ద నిలిచి గంట నొక్కుచున్నప్పుడు మా గుడిలో రెండవ గంట కొట్టుచుండిరి. పది గంటల ప్రాంతమున అతని తల్లి లేచి కుమారుని కొరకు ప్రార్థింపుమని కోరెను, సంఘమంతయు మోకరించెను. ఆమెకు అది పట్టపగలు, అతనికి నడిరాత్రి. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడని 121వ కీర్తన చెప్పుచున్నది. పగలు, రాత్రి అను మాటలు మనవి. ఒక బిడ్డ చీకటిలో ఉండగా తల్లి వెలుగులో మోకరించియుండుట, ఆ యిద్దరిని ఒకే కన్ను చూచుచుండుట, ఇది మేము బోధించిన సత్యమే గాని ఆ దినము మొదటిసారి చూచితిమి.

అయినను మా ప్రార్థన వలననే ఆ స్త్రీ వచ్చెనని మేము అతిశయపడము. మేము నోరు తెరువకమునుపే, సాయంకాలము నుండియే ఆమె అక్కడ పొయ్యి రాజేసి యుండెను. మొఱ్ఱపెట్టకమునుపే ఉత్తరమిచ్చు దేవుడని యెషయా ప్రవక్త 65వ అధ్యాయములో చెప్పినది ఇదియే.

ఆ గుప్పెడు శెనక్కాయల సంగతియు ఆలోచించుడి. మన తాతలనాటి పంట అని మనము అనుకొను వేరుశెనగ పుట్టినది మన నేలలో కాదు, దక్షిణ అమెరికాలో. ఉత్తర పెరూలోని సిపాన్ అను చోట 1987లో ఒక పూర్వకాలపు ప్రభువు సమాధిని త్రవ్వి తీసిరి. ఇంచుమించు 1,700 సంవత్సరముల నాటిది. అందులో బంగారముతోను వెండితోను చేసిన వేరుశెనగ కాయల హారము దొరికెను. ఆ గింజ ఓడలెక్కి పరదేశిగా మన దేశమునకు వచ్చెను. మన ఎఱ్ఱనేల దానిని నీవు ఎవరి గింజవని అడుగలేదు. కడుపులో పెట్టుకొని పెంచినది. నేడు మన బిడ్డల చదువులు, పెండ్లిండ్లు దానిమీదనే జరుగుచున్నవి. బంగాళాదుంపయు, జీడిమామిడియు ఆ ఖండమునుండి వచ్చినవే. నేల పరదేశిని చేర్చుకొన్నందున మనము తినుచున్నాము.

రెండవది: పరదేశి మనస్సు ఎరిగినవాడే తలుపు తెరచును.

కొన్ని వారములైన తరువాత కుర్రవాడు ఆ స్త్రీకి డబ్బు చెల్లించవలెనని, ఆ భాష వచ్చిన తోటి ఉద్యోగిని వెంటబెట్టుకొని పోయెను. ఆమె తీసికొనలేదు. ఎందుకు ఇంత దయ చూపితివని అడుగగా తన కథ చెప్పెను.

ఆమె కొండలలోని అయకూచో ప్రాంతపు పల్లెలో పుట్టినది. ఆమె తల్లిభాష కెచువా. 1980 మొదలు 2000 వరకు పెరూ దేశము అంతర్యుద్ధములో నలిగిపోయెను. తిరుగుబాటుదారులును సైనికులును పల్లెలను మధ్యను పెట్టి నలిపిరి. దానిని విచారించిన సత్య సంఘము 2003లో ఇచ్చిన నివేదికలో చనిపోయినవారును కనబడకపోయినవారును 69 వేలకు పైగా ఉందురని అంచనా వేసెను. వారిలో నలుగురికి ముగ్గురు కెచువా మొదలైన స్వదేశపు భాషలవారు. ఎక్కువగా నష్టపడినది అయకూచో. ఊళ్లకు ఊళ్లు లేచి లీమాకు వచ్చి, ఇసుక దిబ్బలమీద చాపలు నిలిపి గుడిసెలు వేసికొనిరి. 1940లో ఆరు లక్షలు దాటిన జనముండిన పట్టణము నేడు కోటి ఐనది ఇట్టి రాకల వలననే.

ఈమె పండ్రెండేండ్ల పిల్లగా, 1984లో, ఒక లారీ మీద వచ్చి ఒంటరిగా దిగెను. వచ్చి తీసికొనిపోవలసిన పినతల్లి రాలేదు. స్పానిషు రాదు. మార్కెటు గోడ ప్రక్కను కూర్చుండగా, కూరగాయలమ్ము ఒక స్త్రీ తన దుప్పటిలో సగము ఆమెకు కప్పి తెల్లవారువరకు ప్రక్కన ఉంచుకొనెను. "ఆమె పేరు కూడ నాకు తెలియదు. ఆమె అప్పు నీకు తీర్చినాను, నీ డబ్బు నాకెందుకు" అని ఈమె చెప్పెనట.

నిర్గమకాండము 23వ అధ్యాయము 9వ వచనము తెరచి చూడుడి. ఐగుప్తులో మీరు పరదేశులై యుంటిరి, కావున పరదేశి మనస్సు మీరెరుగుదురు అని దేవుడు తన ప్రజలకు జ్ఞాపకము చేయుచున్నాడు. ధర్మశాస్త్రము ఇక్కడ మనలను అడుగుచున్నది జాలి మాత్రమే కాదు, జ్ఞాపకము. తన మొదటి రాత్రిని మరచినవాడు ఇతరుని మొదటి రాత్రిని చూడలేడు.

ఆ బండిమీద క్రీస్తు సిలువ పటము ఒకటి, లీమా ప్రజలు అక్టోబరు నెలలో ఊరేగించునది, అంటించి యుండెనని కుర్రవాడు చెప్పెను. మన సంఘస్థులలో ఒకరు అది విని, "అయితే ఆమె మనవంటి విశ్వాసి కాదు గదా" అనిరి. పటముల విషయమై మన బోధ వేరు, దానిని మేము దాచము. అయితే యెరికో దారిలో పడియున్నవానిని లేవనెత్తినవాడు ఏ గుడికి పోవువాడు? యాజకుడును లేవీయుడును దాటిపోయిరి. ప్రభువు ఆ కథ చెప్పినది దాటిపోయినవారి గుంపులోని వారికే.

మన సువార్త చరిత్రలోను ఇట్టి సంగతి కలదు. జేమ్సు థామ్సన్ అను స్కాట్లండు దేశపు బాప్తిస్టు సేవకుడు 1818వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన దక్షిణ అమెరికాలోని బ్యూనస్ అయర్స్ రేవులో ఒంటరిగా దిగెను. పాఠశాలలు స్థాపించుచు, లేఖనములు పంచుచు దేశము వెంబడి దేశము తిరిగి, 1822లో లీమా చేరెను. అప్పటి పెరూ పాలకుడైన సాన్ మార్తీన్ అతనిని ఆదరించి, పాఠశాల నిమిత్తము ఒక పాత మఠమును ఇప్పించెను. అక్కడ అతనికి తోడ్పడినవారిలో రోమను కతోలిక గురువులును ఉండిరి. తనవారు ఒక్కరును లేని పట్టణములో తలుపు తెరచినవారు వేరు సంఘమువారే. కెచువా భాషలోనికి క్రొత్త నిబంధనను తర్జుమా చేయింప యత్నించినవాడును ఇతడే.

అందరికిని తలుపులు తెరువబడలేదు. బైబిలు సంఘపు సేవకుడైన ఫ్రాన్సిస్కో పెన్సోతీ, ఇటలీలో పుట్టి దక్షిణ అమెరికాలో పెరిగినవాడు, మన కుర్రవాడు దిగిన కయావో రేవులోనే, మూసిన తలుపుల వెనుక ఆరాధన జరిపినందుకు 1890 జూలై 26న చెరలో వేయబడెను. ఎనిమిది నెలలకు, 1891 మార్చి 28న, విడుదల పొందెను. అన్యమత ఆరాధనను నిషేధించిన చట్టపు మాటలు 1915లో గాని తొలగింపబడలేదు. మొదటి రాత్రి కొందరికి స్టూలు దొరకును, కొందరికి చెరసాల నేల దొరకును. బేతేలు రాయి మెత్తనిదని ఎవరును చెప్పలేదు. దేవుడు ఆ రాతియొద్దకే వచ్చెను.

మూడవది: ఆ తలుపు మనదియు కావచ్చును.

ఇక్కడ మా తప్పు ఒకటి మీయెదుట ఒప్పుకొనవలసియున్నది. కుర్రవాని మాటలు వినుచుండగా మా మనస్సు కుట్టబడినది ఇందువలననే.

2017వ సంవత్సరము డిసెంబరు నెలలో, గృహ కూటము ముగించుకొని వచ్చి పండుకొంటిమి. పదకొండు గంటల వేళ ఎవరో తలుపు తట్టిరి. కుక్కలు మొరిగినవి. మాకు రాని భాషలో ఒక మగ గొంతు ఏదో అడిగెను. మా భార్య దీపము వెలిగించబోగా మేము వలదంటిమి. ప్రొద్దున రమ్మని లోపలినుండియే గట్టిగా చెప్పితిమి. ఆ గొంతు మరియొకసారి పలికి ఊరకుండెను. తెల్లవారి చూడగా గుడి మెట్లమీద గోనె పరచిన గుర్తు, ఆరిన నిప్పు మాత్రము ఉండెను. అతడు బావులు త్రవ్వు పనికి పోవుచు తప్పు స్టేజీలో దిగిన ఉత్తరదేశపు కూలివాడని, జ్వరముతో వణకుచుండెనని, మొదటి బస్సుకే వెళ్లిపోయెనని టీ అంగడివాడు చెప్పెను. ఆ మరుసటి ఆదివారము మేము క్రిస్మసు ప్రసంగము చేసితిమి. సత్రములో స్థలము లేకపోయెనను మాట మీద చేసితిమి. బాగుగ చెప్పితిరని అందరును అనిరి.

ప్రియులారా, ఏడు సంవత్సరములు ఈ సంగతి ఎవరికిని చెప్పలేదు. మన సంఘపు బిడ్డ భూమి అవతల మూసిన గేటునొద్ద నిలిచినప్పుడు, భాష తెలియని ఒక కషాయమమ్ము స్త్రీ మేము చేయనిదానిని చేసెను. మేము బేతేలును గూర్చి ఇరువది సంవత్సరములుగా బోధించుచున్నాము. ఆమె తన స్టూలును బేతేలు చేసినది.

మన ప్రభువును తలంచుకొనుడి. ఆయన పరలోకము విడిచి ఈ లోకమునకు వచ్చిన మొదటి రాత్రి పశువుల తొట్టిలో పరుండెను. తన స్వకీయుల యొద్దకు వచ్చెను గాని వారు చేర్చుకొనలేదని యోహాను వ్రాసెను. తల వాల్చుకొనుటకు చోటు లేనివాడాయెను. చివరి రాత్రి శిష్యులు నిద్రింపగా ఒంటరిగా ప్రార్థించెను. నేడును ఆయన తలుపునొద్ద నిలిచి తట్టుచున్నాడని ప్రకటన గ్రంథము మూడవ అధ్యాయము చెప్పుచున్నది. పరదేశిని చేర్చుకొంటిరా అను ప్రశ్న తీర్పు దినమున మనలను అడుగబడునని మత్తయి 25లో స్పష్టముగా చదువుచున్నాము. ఆ తట్టిన చేయి ఎవరిదో మాకు ఆ రాత్రి తెలియలేదు.

అయినను యాకోబువంటి తప్పిపోయినవానియొద్దకు వచ్చిన దేవుడు, తలుపు మూసిన కాపరి యొద్దకును వచ్చును. క్షమించును, మరల ఒక రాత్రిని ఇచ్చును. ఆ నమ్మికతోనే ఇది వ్రాయుచున్నాము.

కావున మన సంఘపు పెద్దలతో కలిసి కొన్ని తీర్మానములు చేసికొంటిమి. ఇతర గ్రామముల సంఘములును ఆలోచించుటకై తెలుపుచున్నాము. గుడి ముంగిట రాత్రియంతయు ఒక దీపము వెలుగును. వరండాలో ఒక చాప, ఒక దుప్పటి, మూతపెట్టిన నీళ్లకుండ ఉండును. గోడమీద ఇద్దరు పెద్దల ఫోను నంబర్లు తెలుగులోను, హిందీలోను, కన్నడములోను వ్రాయించితిమి. రాత్రివేళ ఎవరైన వచ్చినయెడల ఒక్కరే పోక ఇద్దరు కలిసి పోవలెను. స్త్రీ గాని పిల్లలు గాని వచ్చినయెడల స్త్రీల సమాజపువారిని లేపవలెను. జాగ్రత్త పాపము కాదు. జాగ్రత్త పేరు చెప్పి తలుపు మూయుటయే పాపము. ఆతిథ్యము మరువవద్దని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము హెచ్చరించుచున్నది.

మరియొకటి. మన ఇండ్లనుండి ప్రతి సంవత్సరము కరవునకు వెరచి బెంగుళూరుకు, ఇంటిపనులకై కువైటుకు మన బిడ్డలు పోవుచున్నారు. పోవువారి చేతికి చిరునామాయు నంబర్లును కాగితము మీద వ్రాసి ఇయ్యుడి. ఫోను ఆరిపోవును గాని కాగితము ఆరిపోదు. వారు ఏ గంటకు దిగుదురో అడిగి తెలిసికొని, ఆ గంటకు ఇంట మోకరించుడి. వారికి రాత్రియైనను మీకు పగలైనను దేవునికి ఒకటే.

ఈ పత్రిక చదువు తల్లులారా, మీ బిడ్డ ఈ రాత్రి ఎక్కడనో మొదటి రాత్రి గడపుచుండవచ్చును. అతనిని చూచుకొనుటకు మీరు పోలేరు. అయితే మరియొక తల్లి బిడ్డ మన ఊరి స్టేజీలో దిగుచుండవచ్చును. అతనియొద్దకు మీరు పోగలరు.

ఆ కుర్రవాడు వచ్చిన తరువాత అతని తల్లి ఆదివారము కానుకగా ఒక శేరు శెనక్కాయలు తెచ్చెను. వేలము వేయుదుమా అని పెద్దలు అడిగిరి. "వద్దు అయ్యగారూ, గుడి వరండాలో డబ్బాలో పోసి ఉంచండి. ఎవరైన రాత్రిపూట వస్తే తింటారు" అని ఆమె చెప్పెను. ఆ డబ్బా నేటికిని అక్కడ ఉన్నది. ఇంతవరకు రెండుసార్లు ఖాళీ ఐనది, రెండుసార్లును ఆమె నింపెను.

ప్రార్థన: ప్రభువా, బేతేలులో ఒంటరివానిని దర్శించిన దేవా, ఈ రాత్రి తెలియని పట్టణములలో దిగుచున్న వారందరిని జ్ఞాపకము చేసికొనుము. ఆ దూరపు వీధిలో మా బిడ్డను ఆదరించిన తల్లిని ఆశీర్వదించుము. మూసిన మా తలుపులను క్షమించుము. మరల తట్టినప్పుడు లేచుటకు మాకు మనస్సు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.